అర్జీలో రాయించిన వరుస

మొన్న మంగళవారం పొద్దున మా అమ్మ చనిపోయింది. ఆస్పత్రిలో కాగితాలు రాసే గుమాస్తా తలెత్తకుండానే మరాఠీలో అడిగాడు, ఆమె మీకేమవుతుందని. నోటికి అలవాటైన మాటే వచ్చింది. "మౌషి" అన్నాను. మౌషి అంటే మరాఠీలో పిన్ని. అతను నన్ను అక్క కూతురిగా రాసుకున్నాడు, నేను సంతకం పెట్టేశాను. మెట్లు దిగాక గానీ ఏం చేశానో తెలియలేదు. నలభై ఏళ్లకు పైగా చేస్తున్న తప్పు, ఆమె పోయాక కూడా ఇంకోసారి చేశాను.

బొంబాయి కామాటిపుర చాళ్లలో, ఆ వరుసగదుల ఇళ్లలో, నా ఈడు తెలుగువాళ్లను కదిపి చూడండి. చిన్నప్పుడు అనాథాశ్రమంలో పెరిగినవాళ్లు తప్పకుండా కనబడతారు. కన్నతల్లి మనసొప్పి ఎలా వేసింది అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మనసొప్పి ఎవరు వేస్తారు? మా నాన్న కట్టడం పనిలో పరంజా మీంచి పడి చనిపోయేనాటికి నాకు ఆరేళ్లు. అమ్మది సిమెంటు తట్టలు మోసే పని. పొద్దున్నే నాకా మీద, కూలీల అడ్డాలో, నిలబడితే మేస్త్రీ వచ్చి ఏరుకుపోతాడు, చంకన పిల్ల ఉన్నదాన్ని వదిలేసి పోతాడు. నన్ను ఖోలిలో, మా ఒక్క గదిలో, పెట్టి తాళం వేసి పోదామంటే, మా గల్లీ మలుపు తిరిగితే ఎలాంటి బేరాలు సాగే గల్లీయో బొంబాయి అంతటికీ తెలుసు. ఆడపిల్లను మేం సాకలేమని పాలమూరు నుంచి నాన్న అన్నదమ్ములు కబురు చేశారు. ఇక ఏ దారి మిగిలిందో మీరే చెప్పండి.

మా చాల్‌లో అర్జీలు రాసిపెట్టే తాత ఒకాయన ఉండేవాడు. ఆశ్రమానికి మరాఠీలో అర్జీ ఆయనే రాశాడు. "తల్లి ఉన్నదంటే నీ కాగితం ఎనకకు పడతది. తల్లీ తండ్రీ లేని పిల్లలనే ముందు తీస్కుంటరు. పిల్లను మౌషి తెచ్చిందని రాస్త, ఏమంటవ్?" అన్నాడు.

"ఏమన్న రాయి తాతా. పోరి ఇంత తినాలె, సదువుకోవాలె," అంది అమ్మ.

రాసింది ఆయన చదివి వినిపించాడు. పిల్ల తల్లి చచ్చిపోయిందని అందులో ఉంది. అమ్మ తల ఊపి వేలిముద్ర వేసింది.

ఆశ్రమానికి బస్సులో పోతూ నాకు పాఠం చెప్పింది.

"నేనెవర్ని?"

"అమ్మవి."

తొడ మీద గిల్లింది. "మౌషి అనాలె. అమ్మ అంటే ఎల్లగొడ్తరు. నేనెవర్ని?"

బస్సు వర్లి చేరేసరికి తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్నాను. "మంచిది బిడ్డా," అని తల నిమిరింది. ఆ వెధవ పాఠం అంత బాగా ఎందుకు నేర్చుకున్నానో ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నెలకో ఆదివారం వచ్చేది. గుడ్డలో చుట్టిన సర్వపిండి, చిన్న సీసాలో కొబ్బరినూనె, చెక్క దువ్వెన తెచ్చేది. సిమెంటు తిన్న చేతులు పగిలి ఉండేవి. ఆశ్రమం చూసుకునే బాయిగారు ఎదురుపడితే వాటిని కొంగు కింద దాచుకునేది. నా జడ విప్పి దువ్వడం మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆపేది కాదు. అల్లిన జడను మళ్లీ విప్పి మళ్లీ అల్లేది. పిల్ల మౌషి ఒళ్లో ఎంతసేపు కూర్చుంటే అనుమానం రాదో ఆమెకు తెలియదు. నన్ను దగ్గర ఉంచుకోవడానికి దువ్వెన ఒక్కటే దొరికిన సాకు. "కడుపు నిండుతున్నదా? అది చెప్పు," అనేది ప్రతిసారీ. చదువు సంగతి ఆ తర్వాతే.

ఏటా పితృ అమావాస్యనాడు బాయిగారు మా అందరి చేతా పోయిన తల్లిదండ్రులకు పూలు పెట్టించేది. నాన్నకొకటి, అమ్మకొకటి పెట్టేదాన్ని. భయపడుతూ ఒకసారి ఆ మాట అమ్మతో చెప్పాను. నవ్వింది. "పెట్టు బిడ్డా. బతికున్నోళ్లను సచ్చిండ్రంటే ఆయుష్షు పెరుగుతదంట," అంది. ఆ రోజు జడ మూడుసార్లు అల్లింది.

పదో తరగతి అయ్యాక ఖోలికి తిరిగొచ్చాను. అప్పటికి నా తెలుగు సగం మరాఠీ అయిపోయింది. చాల్‌లో అందరికీ అసలు సంగతి తెలుసు, దాచాల్సిన పని లేదు. అయినా అమ్మా అందామని నోరు తెరిస్తే సిగ్గేసేది, పరాయి ఇంట్లో గిన్నె ముట్టుకున్నట్టు. రేపు అందాంలే అనుకుని మౌషి అనేదాన్ని. ఆమె పలికేది. నాకు జ్వరం వచ్చి మూసిన కన్ను తెరవకపోతే మాత్రం, "అమ్మ ఈడనే ఉన్నది బిడ్డా," అనేది. జ్వరం తగ్గితే మళ్లీ మౌషే.

ఒకనాడు మాటా మాటా పెరిగి, "నువ్ నాకు అమ్మవా ఏంది? మౌషివే కద," అనేశాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు. "అవ్. నేనే రాయిచ్చిన," అంది. ఆ మాటకు క్షమాపణ అడగాలని ఎన్నేళ్లు అనుకున్నానో, అడగనే లేదు.

ఆఖరి రోజు ఆస్పత్రిలో నొప్పికి, "అమ్మా, అమ్మా," అని మూలిగింది. మనమంతా అలాగే కదా మూలిగేది. మంచం మీదికి వంగాను. ఇప్పుడైనా అనాలి అనుకున్నాను, దేవుడి సాక్షిగా అనుకున్నాను. "ఈడనే ఉన్న మౌషీ," అన్నాను. కళ్లు తెరిచి నన్ను చూసి, "మంచిది బిడ్డా. తిన్నవా?" అంది. ఇక మాట్లాడలేదు.

ఆస్పత్రి కాగితం దిద్దించుకోవచ్చట, చాల్‌లో చెప్పారు. దిద్దిస్తాను. ఆమె వినలేనప్పుడు దిద్దించి ఏం లాభమో నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం ఖోలి సర్దుతుంటే గూట్లో ఆ చెక్క దువ్వెన దొరికింది. పళ్ల మధ్య రెండు వెంట్రుకలున్నాయి, తెల్లవి, ఆమెవే. పట్టుకుని, "అమ్మా," అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

పక్క ఖోలి అక్క పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే? దెబ్బ తాకిందా?"

"ఏం లేదక్కా."

ఆమె నమ్మలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, "ఏది, కాలు సూపెట్టు," అంది. చాపాను. వేళ్లు ఒక్కొక్కటీ వత్తి చూస్తూ, ఎక్కడ తాకిందో చెప్పమని అడుగుతూనే ఉంది.