బానెట్‌కు కోసిన కిటికీ

నా చిన్నప్పుడు, మరైగూడలో మా కొట్టు నడిచే రోజుల్లో, మా పెద్దనాన్నకు తాళాల పిచ్చి ఉండేది. బియ్యం డ్రమ్ముకు తాళం, చక్కెర డబ్బాకు తాళం. సంతలో ఎవరిదో బ్యాటరీ ఎత్తుకుపోయారని విన్నాక, తాను ప్రాణంగా చూసుకునే పాత కారు బానెట్‌కు కూడా గొళ్లెం వెల్డింగ్ చేయించి, కొట్టు షట్టరుకు వేసేంత తాళం వేశారు. ఆ కారు మీద చెయ్యి పెడితే మరక పడుతుందని మమ్మల్ని కసిరేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒక వానాకాలం మధ్యాహ్నం తమ్ముడికి జ్వరం తలకెక్కింది. నాన్న సరుకు కోసం జగదల్‌పూర్ వెళ్లి ఉన్నాడు. అమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుంటే, నేను పక్కన ఎక్కాను. పెద్దనాన్న కోంట ఆసుపత్రికి కారు తీశారు. మొదటి వాగు మీద, రపటా అని పిలిచే ఎత్తులేని వంతెనను నీళ్లు చిమ్ముకుంటూ దాటాం. కాస్త దూరం పోయాక ఇంజను గుటుక్కుమని ఆగిపోయింది.

వైర్లు తడిశాయని, తుడిస్తే చాలని ఆయనకు తెలుసు. వానలో దిగి బానెట్ దగ్గర నిలబడి జేబులు తడుముకున్నారు. తాళంచెవి కొట్టులో, గల్లాపెట్టెలో ఉండిపోయింది. వెనక్కి పోదామంటే మేం దాటిన రపటా చూస్తుండగానే మునిగింది. ముందున్న వాగు ఇంకా మోకాలి లోతే, కానీ అదీ పెరుగుతోంది. ఆ రెంటి మధ్య ముక్క రోడ్డు మీద ఇరుక్కుపోయాం. ఆ వానలో కోంట దాకా పిల్లాణ్ని మోసుకుపోయే దారి కాదు. అద్దాలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనబడలేదు. లోపల తమ్ముడి ఎగశ్వాస, పైన రేకు మీద వాన. ఊపిరాడక అద్దం దించితే జల్లు వాడి మీద కొట్టింది. మళ్లీ ఎత్తేశాను. అమ్మ ఏడవడం కూడా మానేసి వాడి అరిచేతులు రుద్దుతోంది. నాకు చాలా భయమేసింది.

పెద్దనాన్న రాయితో తాళాన్ని బాదారు. మంచి తాళం కదా, చెక్కు చెదరలేదు. అంతలో మా కొట్టుకు చింతపండు తెచ్చే దోర్లా తెగ పెద్దాయన పొలం నుంచి వస్తూ ఆగాడు. భుజాన ఉన్న గొడ్డలి తీసి పెద్దనాన్న చేతికిచ్చాడు.

"ఏంది సావుకారీ, ఇంక చూస్తున్నవు? ముందటి వాగు గూడ నిండుతది."

పెద్దనాన్న గొడ్డలి పట్టుకుని నిలబడ్డారు. బానెట్ మీది నీళ్లు అరిచేత్తో తుడిచారు. మళ్లీ తుడిచారు. అమ్మ తలుపు తెరిచి, "బావగారూ, పిలగాడు పలుకుతలేడు" అంది.

అప్పుడు గొడ్డలి అంచును రేకు మీద ఆనించి, వెనక నుంచి రాయితో కొట్టారు. చెయ్యి దూరేంత మేర కోసి, ఆ రేకును పైకి వంచారు. పెద్దాయన తాటాకు గొడుగు అడ్డం పట్టాడు. అమ్మ ఇచ్చిన పొడిగుడ్డతో పెద్దనాన్న వైర్లన్నీ తుడిచారు. ఇంజను అందుకుంది. ముందు వాగు దాటుతుంటే తలుపు సందుల్లోంచి నీళ్లు మా కాళ్ల కిందికి వచ్చాయి. కోంటలో సూది పడ్డాక, సాయంత్రానికి తమ్ముడు కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడు.

ఆసుపత్రి వరండాలో పెద్దనాన్న వెక్కి వెక్కి ఏడ్చారు. కారు పాడైనందుకనుకున్నాను. ఆయన మాత్రం కొత్త బానెట్ వేయించలేదు. ఆ కంతనే చదరంగా కోయించి, మడతబందులతో చిన్న తలుపు పెట్టించారు. వేలితో ఎత్తితే ఇంజను చేతికందేది. దానికి తాళం లేదు. కారుకు కిటికీ పెట్టించిన సావుకారి అని ఊరంతా ఆటపట్టిస్తే తనూ నవ్వేవారు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, కారు కోసం అంతగా ఏడ్చారేమని.

"కారు కోసం గాదు బిడ్డా. గొడ్డలి చేతికొచ్చినంక గూడ బానెట్ తుడుసుకుంట నిలబడ్డ గద. అందుకు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పటికీ మనవడికి ఒళ్లు వెచ్చబడిందంటే, కట్టుకున్న చీరతోనే, తలుపు బార్లా వదిలేసి వాణ్నెత్తుకుని రోడ్డెక్కుతాను. ఇల్లు దోచుకుపోతారని గొణుగుతూ కోడలు తాళం వేసి వెనకాలే పరుగెత్తుకొస్తుంది. నేను మాత్రం వెనక్కి తిరిగి చూడను.