తమ్ముడు పంచిన నెట్టు

మొన్న ఖమ్మంలో మా ఇంటికి చుట్టాలు వచ్చిన రోజునే కరెంటు పోయింది. కాసేపటికి కరెంటు వచ్చింది గానీ నెట్టు రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన రైలు టికెట్టు తీసుకోవాలని కంగారు పడుతుంటే, మా తమ్ముడు సోఫాలో వెనక్కి జారగిలబడి, జేబులోంచి ఫోను తీసి, నలుగురికీ వినపడేలా అన్నాడు: "నా ఫోన్ల నుంచి తీస్కోండ్రి. గిది నాకు కొత్తేం గాదు. మా ఇంట్ల దాని కంప్యూటర్‌కి ఎన్నేండ్లు నేనే నెట్టిచ్చిన." ‘దాని’ అంటే తన భార్య, నా మరదలు. ఆమె అప్పుడు వంటింట్లో నా పక్కన నిలబడి పకోడీలకు ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ మాట విన్నది, తరగడం మాత్రం ఆపలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరికీ టీలు పోసి, వాడి గ్లాసులో మాత్రం చక్కెర వెయ్యకుండా ఇచ్చాను. వాడు గుటగుటా తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు. తేడా తెలిస్తే కదా. వాడికి చాలా తేడాలు తెలియవు, అందుకే ఈ నెట్టు సంగతేమిటో నేను రాయాల్సి వస్తోంది.

అప్పట్లో వాడి కాపురం దుమ్ముగూడెంలో. ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు పని. అమ్మ వాడి దగ్గరే ఉండేది. అమ్మ కంటి వైద్యం అనీ, ఊరికే చూసిపోదామనీ నేను వెళ్ళి వారాల తరబడి ఉండిపోయేదాన్ని. ముందు గది, నడిమి గది, వంటిల్లు, వెనక రేకుల వసారా. వానాకాలంలో గోదావరి పెరిగిందంటే మాకు రేడియో చెప్పక్కర్లేదు, నడిమి గది గోడలకు వచ్చే చెమ్మ వాసనే చెప్పేది. సిగ్నలు ముందు గది కిటికీ దగ్గర తప్ప ఇంట్లో ఎక్కడా నిలిచేది కాదు. ఎవరికి ఫోను వచ్చినా కిటికీ ఊచలు పట్టుకుని, జైల్లో ములాఖత్తుకు వచ్చినవాళ్ళలా అరిచి మాట్లాడాల్సిందే. చర్ల వైపు పోయే జీపులు ఇంటి ముందే ఆగేవి. అందులోవాళ్ళు కోయ భాషలో ఏం మాట్లాడుకునేవారో మాకు తెలిసేది కాదు గానీ, మా ఇంటి గుట్టంతా వాళ్ళకు తెలిసిపోయేది.

మరదలిది తిరుమలాయపాలెం దగ్గర పల్లె. లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్ళికి ముందు చండ్రుగొండలో ఒక ప్రైవేటు బళ్ళో చెప్పేది. ఆ బడివాళ్ళు కొత్త కంప్యూటర్లు తెచ్చుకుని పాతవి వరండాలో పడేస్తే, ఒకటి అడిగి తెచ్చుకుంది. ఈ ఇంటికి వస్తూ దాన్నీ వెంట తెచ్చింది. వెనక పెద్ద గూని ఉన్న మానిటరు, పక్క రేకు ఊడిపోయిన సీపీయూ. ఎండాకాలం దానికి టేబుల్ ఫ్యాను పెట్టాలి. ఫ్యాను దాని వైపు తిప్పితే మనకు ఉక్క, మన వైపు తిప్పితే అది ఆగిపోతుంది. అమ్మ దానికి పెద్దమనిషి అని పేరు పెట్టింది. పొద్దున్నే "మీ పెద్దమనిషి లేచిండా?" అని కోడల్ని అడిగేది. లేవడానికి నిజంగానే ఒక టీ కాచుకుని తాగేంత సేపు పట్టేది. అయితేనేం, దాని మీద ఆమె గీసే బొమ్మలు చూడాలి. లెక్కలంటే చిన్నప్పుడు ఆమడ దూరం పరుగెత్తిన నేను కూడా నిలబడి చూసేదాన్ని.

ఇక నెట్టు. తమ్ముడికి పనిచేసే చోట ఒక లాప్‌టాప్, నెట్టు కోసం దానికి గుచ్చే డాంగిలు ఇచ్చారు. లాప్‌టాప్ ఆఫీసుదట, ఎవ్వరూ ముట్టకూడదట. డాంగిలు మా పెద్దమనిషికి గుచ్చి చూస్తే అది గుర్తే పట్టలేదు. అప్పుడు మరదలే ఎక్కడెక్కడో చదివి ఉపాయం కనిపెట్టింది. ముందు గది కిటికీ పక్క బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, దాన్నుంచి ఒక కేబుల్ లాగి నడిమి గదిలోని పాత కంప్యూటర్‌కు కలపాలి. లాప్‌టాప్ సెట్టింగుల్లోకి పోయి, ఈ కనెక్షన్ వేరే కంప్యూటర్లు కూడా వాడుకోవచ్చు అన్న చోట టిక్కు పెట్టాలి. అంతే. భద్రాచలం నుంచి నీలం కేబుల్ తెప్పించింది ఆమె, స్టూలెక్కి గోడ పొడుగునా మేకులు కొట్టింది ఆమె. మా తమ్ముడు చేసిందల్లా పాస్‌వర్డు కొట్టడం. అది కూడా పెళ్ళాన్ని అటు తిరిగి నిలబడమని చెప్పి కొట్టాడు. అప్పుడప్పుడూ ఆ టిక్కు దానంతట అది పోయేది. మళ్ళీ పాస్‌వర్డు కావాలి. వాడు పేపరు చదువుతూ "ఆగు" అనేవాడు. చదువుకున్న పిల్ల, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, తానే కట్టిన ఏర్పాటు కోసం గడప దగ్గర నిలబడి ఉండేది. దీన్నా వాడు నెట్టివ్వడం అంటున్నాడు?

ఆ ఏర్పాటులో ఇంకో తిరకాసు ఉంది. లాప్‌టాప్ తెరిచి ఉంటేనే ఇవతలి కంప్యూటర్‌కు నెట్టు. మూత వేశారా, అది నిద్రపోతుంది, ఇక్కడ అంతా ఆగిపోతుంది. ఈ సంగతి అమ్మకు తెలియదు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఏ గిన్నె అయినా మూత లేకుండా ఉంటే అమ్మకు ప్రాణం ఒప్పదు. ఒక సాయంత్రం మజ్జిగ ముంత, ఉప్పు డబ్బా, నీళ్ళ బిందె అన్నిటికీ మూతలు సర్దుకుంటూ ముందు గదిలోకి వచ్చి, నోరు తెరుచుకుని ఉన్న లాప్‌టాప్‌కు కూడా మూత వేసేసింది. లోపల్నుంచి "అత్తమ్మా" అని ఒక్క కేక. తర్వాత మరదలు నవ్వుకుంటూ వచ్చి విషయం చెప్పింది. ఇక్కడ నల్లా కట్టేస్తే లోపలి బిందెకు నీళ్ళు రావు, గంతే గదా అంది అమ్మ. ఆ మర్నాటి నుంచి వత్తులు చేసుకుంటూ లాప్‌టాప్ పక్కనే కూర్చునేది. జామచెట్టు మీది కోతులు కిటికీ దాకా వస్తే కర్ర చూపించేది. శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు కేబుల్‌ను పైకెత్తి తోరణం మేకుకు తగిలించేది. అక్షరం ముక్క రాని మనిషి ఆ తీగను అంత పదిలంగా చూసుకుంది.

అలా ఉండగా మరదలికి ఒక పిలుపు వచ్చింది. నెట్టులో ట్యూషన్లు చెప్పించే సంస్థ వాళ్ళు లెక్కల టీచర్ల కోసం వెతుకుతున్నారు. ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. కొందరు పిల్లలు వింటారు, సంస్థ మనుషులు ఇద్దరు చూస్తారు. బాగుంటే ఉద్యోగం. పెళ్ళయ్యాక అందరికీ కోడలో, వదినో అయిపోయిన పిల్ల మళ్ళీ టీచరు అవుతుంది. వారం ముందే తమ్ముడికి చెప్పింది. ముందు రోజు గుర్తుచేసింది. పొద్దున మళ్ళీ చెప్పింది. లాప్‌టాప్ ఆ బల్ల మీదనే ఉంటుంది, ఎక్కడికీ పోదని వాడు మాట ఇచ్చాడు. మాట ఇచ్చాడు, నేను విన్నాను.

పాఠం పదకొండింటికి. ఆమె తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వెనక గోడ పెచ్చులు కనపడకుండా దుప్పటి కట్టి కూర్చుంది. అమ్మ లాప్‌టాప్ దగ్గర, నేను రెండు గదుల మధ్య గడప మీద. లెక్క ఏమిటంటే, ఒక లాంచీ ఏటికి ఎదురుపోయి, మళ్ళీ వాలున తిరిగి వస్తుంది, లాంచీ వేగం ఎంత అని. పుస్తకంలో నది అని ఉంటే ఆమె గోదావరి చేసింది. భద్రాచలం రేవు గీసింది. ఆ గొంతు ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు, అంత నిబ్బరంగా ఉంది. ఇంతలో ఒక అమ్మాయి, ఎదురుపోయేటప్పుడు ఏటి వేగం ఎందుకు తీసెయ్యాలి మేడం అని అడిగింది. మరదలు ముఖం విప్పారింది. "మంచిగ అడిగినవ్. చెప్తా" అంది.

అప్పుడే బయట కాంట్రాక్టరు జీపు హారను మోగింది. పెరట్లో ఉన్న తమ్ముడు పరుగున ముందు గదిలోకి వచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి వేశాడు. అమ్మ తన చెయ్యి అడ్డం పెట్టింది. "ముయ్యకు బిడ్డా, లోపల పిల్ల పాఠం చెప్తున్నది." వాడు ఆ ముసలి చేతిని పక్కకు జరిపి మూత వేసి, కేబుల్ పీకి, లాప్‌టాప్ చంకన పెట్టుకున్నాడు. "అరగంటల వస్తనే అమ్మా. నేనొచ్చినంక మళ్ళ చెప్పుకుంటది తియ్" అన్నాడు. నేను లేచి వాకిట్లోకి వచ్చేసరికి జీపు మలుపు తిరిగింది. లోపల తెర మీద పిల్లల ముఖాలు ఉన్నవి ఉన్నట్టే నిలిచిపోయాయి. మరదలు ముందు గదిలోకి వచ్చి ఖాళీ బల్లను చూసింది. కిటికీ దగ్గర నిలబడి ఫోను చేసింది. అవతలివాళ్ళు అప్పటికే ఇంకొకరి పాఠంలో ఉన్నారట, మళ్ళీ పిలుస్తామన్నారు. పిలవలేదు.

వాడు వచ్చేసరికి మేం దీపాలు పెట్టేశాం. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, కేబుల్ గుచ్చి, నెట్టు వచ్చింది చూసుకోమని లోపలికి కేకేశాడు. ఆ కేకలో ఎంత దర్జా! నేను ఊరుకోలేదు. "కాంట్రాక్టరు హారను వినపడ్డది గానీ ఇంట్ల ఆమె గొంతు వినపడలేదారా నీకు?" అని అడిగాను. ఇంకో అవకాశం వస్తుందిలే అన్నాడు. అమ్మ లేచి లోపలికి పోయింది. మరదలు స్టూలు తెచ్చుకుని, తాను కొట్టిన మేకుల నుంచి కేబుల్ మొత్తం విప్పి, చుట్ట చుట్టి, వాడి లాప్‌టాప్ పక్కన పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ వాణ్ణి నెట్టు అడగలేదు. కాబట్టి ఎన్నేండ్లో ఇచ్చానన్నది శుద్ధ అబద్ధం. ఇచ్చింది కొన్ని నెలలు, తీసుకున్నది ఏమిటో వాడికి ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆమె పరీక్షలు రాసి, గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్ళింట్లో నెట్టు ఇప్పుడు ఆమె పేరు మీదే ఉంది. మొన్న చుట్టాలు వెళ్ళిపోయాక, గిన్నెలు సర్దుతూ, వాడు అంత మాట అంటే నీకు కోపం రాలేదా అని అడిగేశాను. "కోపం ఎప్పుడో పోయింది వదినా. గా పిల్లకు చెప్తా అన్న. చెప్పకపోతి" అంది. ఆ పిల్ల ఈపాటికి చదువు ముగించి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ ఉంటుంది, ఆ లెక్క ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పే ఉంటారు. దుమ్ముగూడెం ఇల్లు వదిలేశారు, పాత కంప్యూటరు పోయింది, అమ్మా పోయింది. మా తమ్ముడు అరగంటలో వస్తానని పోయిన ఆ అరగంట మాత్రం, ఆమెకు ఇంకా గడవలేదు.