నీలం పిల్ల పుట్టిన గూడు

మొన్న నంద్యాలలో ఒక పిట్టల అంగడి మెట్టెక్కగానే ఆ వాసన మొహాన కొట్టింది. తడిసి పులిసిన కొర్రల పొట్టు, ఎండిన రెట్ట, ఈకల నూగు అన్నీ కలిసి గొంతులో గీరుకునే ఆ పాచి వాసన నన్ను పదేళ్ల వయసులో పట్టుకుంది, డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా వదల్లేదు. నాతో వచ్చిన చెల్లెలు ఓబులమ్మ, అంటే మా చిన్నాయన కూతురు, మనవడి కోసం ఒక జత కొందామని సంబరంగా పంజరాల్లోకి తొంగి చూస్తూ ఉంటే, నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయాను. లవ్ బర్డ్స్ అంటారు వాటిని. చూసినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉన్నాయో అంటారు. నాకు మాత్రం రోత. నా అసహ్యం పిట్టల మీద కాదు, వాటిని పెంచిన మనిషి మీద అని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే పిట్టల మీదా ఉంది.

మాది ఆళ్లగడ్డ. మా ఇంటి వెనక సందంతా శిల్పుల కొట్టాలు. తెల్లవారింది మొదలు ఉలి చప్పుడు, ఎండ ఎక్కేకొద్దీ గాలిలో తేలే రాతిపొడి, ఆరేసిన గుడ్డల మీద, అప్పడాల మీద, మా అమ్మ నెత్తిన కూడా సన్నటి బూడిదరంగు పూత. అన్నంలో పంటికింద ఇసుక తగిలినా ఎవరం మొహం చిట్లించేవాళ్లం కాదు, ఎందుకంటే అది కడిగితే పోయే పొడి. మా నాయనకు నంద్యాల బడి మీద గురి. ఐదో తరగతి కాగానే నన్ను ఒక ట్రంకుపెట్టెతో, అమ్మ చేసిన నువ్వుల ఉండల డబ్బాతో బస్సెక్కించి, తన తమ్ముడింట్లో దించి వచ్చాడు. యాభైల చివరి రోజులవి. ఆ ఇంట్లో చిన్నాయన, పెళ్లయి రెండేళ్లయినా కాని చిన్నమ్మ, మా జేజి, అంటే నాయన తల్లి, ఇంకా ముప్పై నలభై పిట్టలు ఉండేవి.

చిన్నాయన పత్తి వ్యాపారం చేసేవాడని పేరేగానీ ఆయన పొద్దంతా గడిచేది వసారాలోనే. అక్కడ గోడ పొడవునా సన్నటి ఇనుప వల బిగించిన కొయ్య గూళ్లు, ఒక్కో గూటిలో పక్కన బెజ్జం చేసిన మట్టి ముంత, అదే వాటి పురిటిల్లు. బెంగుళూరు నుంచి రైల్లో గంప మీద గుడ్డ కప్పి తెచ్చుకున్నాడు మొదటి జతలను. దారినపోయేవాళ్లు ఆగి "ఇవేం పిచ్చుకలప్పా?" అని అడిగితే ఆయనకు ఒళ్లు మండేది. వాటికి కొర్రలు పోయడం, నీళ్ల గిన్నెలు తోమడం, ముక్కు అరగదీసుకోవడానికి సముద్రపు నురుగు బిళ్ల వేలాడదీయడం, వేసవిలో గూళ్ల మీద గోతాలు తడిపి పరచడం, అడుగున పేరుకున్న రెట్టను రేకుతో గీకి ఎత్తిపోయడం, ఇవన్నీ నా పనులు. బడి నుంచి వచ్చి పక్కింటి పిల్లలతో గచ్చకాయలు ఆడుకోవడానికి కూర్చుంటే నా చేతులు వాసన వస్తున్నాయని వాళ్లు దూరం జరిగేవాళ్లు.

పొదుగుతున్న పెట్ట ముంతలో రెట్ట వెయ్యదు. అంతసేపూ బిగబట్టుకుని ఒక్కసారి బయటికొచ్చి వేస్తుంది. ఆ ముద్దకున్న కంపు అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పద్దెనిమిది దినాలకు గుడ్డు చిట్లితే బయటపడేది ఏ రంగు ఈకా లేని, కళ్లు తెరవని, తలకాయ మోయలేక పొర్లే ఒక ఎర్రటి మాంసపు ముక్క. పెట్ట రోజు మార్చి రోజు గుడ్డు పెడుతుంది గనుక ముంతలో పెద్ద పిల్లల కాళ్లకింద చిన్న పిల్లలు నలుగుతూ ఉండేవి. పిల్ల కాకుండా మురిగిన గుడ్డు పగిలిందంటే ఇల్లంతా ముక్కు మూసుకోవాల్సిందే. ఒక్కొక్క పెట్టకు తిక్క పుట్టి సొంత పిల్లల తలలే పొడిచేది. నేను ముంతలో చెయ్యి పెట్టి చచ్చిన పిల్లలను తీసి పెరట్లో పూడ్చేదాన్ని. ఆ రాత్రి సంగటి ముద్ద తాకితే అదే మెత్తదనం వేళ్లకు తగిలినట్టయి మింగలేకపోయేదాన్ని.

చిన్నాయనకు ఈ పనుల్లో ఒక్కటీ పట్టదు. ఆయన పని రంగులు చూడటం. పిట్టను గుప్పిట్లో పట్టుకుని వక్కాకు నోటితో ఉఫ్ మని ఊది, ఈకలు విడగొట్టి, అడుగు రంగు చూసేవాడు. ముక్కు పైన గడ్డ నీలంగా ఉంటే మగది, మట్టిరంగుగా ఉంటే పెట్ట. నుదుటిదాకా నల్లగీతలుంటే ఇంకా పిల్ల, గీతలు వెనక్కి పోతే ఈడొచ్చినట్టు. పసుపు మొహం, పచ్చ ఒళ్లు ఉన్నవి నికార్సైన పాత జాతి. ఒళ్లంతా పసుపై ఎర్రకళ్లున్నవి ఒక రకం, కడిగిన పలకలాగా రెక్క వెలిసినవి ఒక రకం. ఆ చేత్తోనే, కడగకుండా, వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఉగాదినాడు చిన్నమ్మ పెనం ముందు కూర్చుని నెయ్యి తడుపుతూ భక్ష్యాలు కాలుస్తుంటే ఈయన వసారాలో కొర్రల గిన్నె పట్టుకుని పొట్టు ఊదేవాడు. ఆ పొట్టంతా గాలికి లోపలికొచ్చి, ఆకుల్లో వడ్డించిన భక్ష్యాల మీద, మామిడికాయ చిత్రాన్నం మీద వాలేది. "పిట్ట ఎంగిలి లచ్చిమి" అని జేజి మురిసిపోతూ తినేది. నేను పొట్టు ఏరుకుంటూ కూర్చుంటే పొగరనేది.

ఆయన ప్రాణమంతా ఒక నీలం మగదాని మీద. తెల్లటి మొహం, మబ్బు విడిచిన ఆకాశంలాంటి రొమ్ము. అట్లాంటిది జిల్లాలోనే లేదని చెప్పుకునేవాడు. దాన్ని పచ్చ పెట్టతో జతకట్టించి నీలం పిల్లల కోసం కాచుకుని కూర్చుంటే, రెండు ఈతల్లోనూ అన్నీ పచ్చవే పుట్టాయి. "పెట్ట రక్తం మంచిది గాదు" అని తేల్చేశాడు. ఏది సరిగా పుట్టకపోయినా తప్పు పెట్టదే ఆయన లెక్కలో. ఆ పచ్చపిల్లల్లోనే ఒక మగదాన్నీ ఒక పెట్టనూ చివరి గూట్లో పడేసి, ఇంక వాటి మొహం చూడలేదు.

ఆ మరుసటి ఏడు చిన్నమ్మ పుట్టిల్లు చాగలమర్రిలో పురుడు పోసుకుని, ఐదో నెలలో ఆడబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ కళ్లు తేనెరంగులో, వెలుతురు పడితే పచ్చగా మెరిసేవి. పిల్లికళ్లు. జేజి బిడ్డను ఒళ్లో వేసుకుని, గడ్డం పట్టి ఎండవైపు తిప్పి, చాలాసేపు చూసింది.

"మా ఇంట్లో గానీ, మీ ఇంట్లో గానీ యాడా ల్యావే ఇట్లాంటి కండ్లు" అంది.

అంతే అంది. ఎవరి పేరూ ఎత్తలేదు. పేరు ఎత్తితే చిన్నమ్మ కాదని చెప్పుకునేది, ఎత్తకపోతే ఏమని చెప్పుకుంటుంది? చిన్నాయన బిడ్డను ఎత్తుకోవడం మానేశాడు. పిట్టను చూసినట్టే రెప్పలు విడదీసి చూశాడొకసారి. నెలరోజుల్లో ఆ ఇంట్లో చిన్నమ్మతో మాట్లాడేది నేనూ పిట్టలే అయ్యాం. సాయంకాలం నేను గూళ్లు కడుగుతుంటే బిడ్డకు పాలిస్తూ వసారా అరుగు మీద కూర్చునేది. "గడియేసినావా పాపా?" అని ప్రతి గూటికీ అడిగేది. నేను గూడు తలుపు ఊపి చూపించేదాన్ని.

చివరి గూట్లో ఆ పచ్చజత ఎవరూ పట్టించుకోకుండానే ఐదు పిల్లలు చేసింది. ఒకరోజు ముంత కడగడానికి తీసినప్పుడు, వాటిలో ఒకదాని తలమీద మొలిచే ఈకల మొనలు పసుపుగా కాక తెల్లగా కనబడ్డాయి. వారానికల్లా ఒళ్లు నీలం తిరిగింది. నేను అరిచి చెబితే ముందు వచ్చింది చిన్నమ్మ. అంతవరకూ తల వంచుకుని తిరిగిన మనిషి, ఆ పిల్లను అరచేతిలో పెట్టుకుని మొగుడి ముందుకు వెళ్లి నిలబడింది.

"చూడు. అమ్మానాయనా రెండూ పచ్చవే. గడియేసిన గూడు. ఈడికి ఎవురొచ్చినారు? తాత రంగు మనవడికి వచ్చింది. పిట్టకు వచ్చినప్పుడు నా బిడ్డకు రాకూడదా?"

ఆయన మొహం చూడాలి అప్పుడు. పిల్లను చూశాడు, పక్క గూట్లోని నీలం మగదాన్ని చూశాడు. ఎన్నో ఏళ్లుగా రంగులు చూస్తున్నవాడికి అర్థం కాకుండా పోదు. ఒక్క నిమిషం ఆయన చెయ్యి చిన్నమ్మ చంకలోని బిడ్డవైపు కదిలిందని ఇప్పటికీ అనుకుంటాను. ఇంతలో లోపలినుంచి జేజి గొంతు వచ్చింది, "ఆ పిల్ల తలుపు తీసిపెట్టింటాది, నీలంది దూరింటాది" అని.

చిన్నాయన నావైపు తిరిగాడు. ఎప్పుడూ 'ఏమే' అని తప్ప పిలవనివాడు మెత్తగా అడిగాడు. "కడిగేటప్పుడు గడి తీసిపెట్టినావు గదమ్మా? జ్ఞాపకం తెచ్చుకో."

ఆయనకు ఏ జవాబు కావాలో ఆ ప్రశ్నలోనే ఉంది. కాదంటే ఆళ్లగడ్డకు పంపించేస్తారని, చదువు పోతుందని భయపడ్డాను. నిజానికి ఆయన నన్ను బెదిరించలేదు, జేజి కూడా బెదిరించలేదు. చిన్నమ్మ నావైపు చూసింది. రోజూ గడియ వేయించింది ఆమె. వేసింది నేను. ఇద్దరికీ తెలుసు.

"ఊ" అన్నాను.

చిన్నమ్మ పిల్లను తీసుకెళ్లి ముంతలో జాగ్రత్తగా పెట్టి, గడియ వేసింది. మూడోనాడు వాళ్ల అన్న వచ్చి తల్లీబిడ్డలను చాగలమర్రి బస్సెక్కించుకుని పోయాడు. చిన్నమ్మ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. ఇంకా అసహ్యమైన సంగతి ఏమిటంటే, ఆ నీలం పిల్లను చిన్నాయన కొత్త గూడు చేయించి వసారా మధ్యలో వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా ఇంట్లో పుట్టింది" అని రొమ్ము విరుచుకునేవాడు. అదే ఇంటి బిడ్డ నలభై మైళ్ల అవతల పాకుతోందో నడుస్తోందో కనుక్కోలేదు. నేను ఆ ఇంట్లోనే ఉండి, ఆ నీలందానికి రోజూ కొర్రలు పోసి, చదువు పూర్తిచేశాను.

జేజి పోయాక పెద్దదినానికి ఆమె పుట్టిన ఊరు దొర్నిపాడు నుంచి ఒక ముసలామె వచ్చింది. భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చుని, మా పిల్లల మొహాలన్నీ వరసగా చూసి, "మీ జేజి వాళ్ల నాయన కండ్లు ఎవురికీ రాలేదే. పిల్లికండ్లు ఆయప్పవి, ఎండలో పచ్చగా మెరుస్తాండె" అంది మామూలుగా. ఆకులోని అన్నం అట్లాగే వదిలి లేచాను. తన తండ్రి కళ్లను ఎండలో తిప్పి చూసి మరీ 'యాడా ల్యావు' అన్న మనిషికి పిండాలు పెట్టి వచ్చాం. నాకు ఆమె మీద రోత పుట్టింది, తర్వాత మెల్లగా అర్థమైంది, ఆ ఇంట్లో అబద్ధం చెప్పింది ఆమె ఒక్కతే కాదని.

ఇదంతా మొన్న అంగడిలో ఓబులమ్మకు చెప్పాను. ఆ బిడ్డ ఈ ఓబులమ్మే. చిన్నమ్మ పోయాక ఒక పెళ్లిలో కలిసి, అక్కా అక్కా అని తిరుగుతూ ఉంటే, ఇన్నేళ్లూ పిట్టల ముచ్చట్లు చెప్పానే గానీ గడియ మాట ఎత్తలేదు. అంగడతను, పాతికేళ్ల పిల్లవాడు, ఒక పచ్చజతను చూపించి, "ఇవి తీస్కోండవ్వా. వీటికి నీలం పిల్లలు గూడా పుడ్తాయి. రంగు లోపల ఉంటాది, పైకి కనపడదు" అన్నాడు నవ్వుతూ. వక్కపలుకు కొరికినంత తేలిగ్గా చెప్పాడు. అక్కడే గోతం మీద కూర్చుని జరిగిందంతా కక్కేశాను.

ఓబులమ్మ ఆ కళ్లతోనే నన్ను చూసింది.

"అమ్మ చెప్పిందిలేక్కా. నమ్మకూడదని ఉన్నోనికి గడేసుంటే ఏం, తీసుంటే ఏం అనేది. నీ మీద కోపం ల్యాకుండె. ఆ పొద్దు నీ పక్క చూసినందుకే బాధపడ్తాండె, చిన్నపిల్ల మీద అంత బరువు పెట్టినానే అని. ఎప్పుడన్నా వస్తావేమోనని అడుగుతాండె."

పిట్టలు కొనకుండానే బయటికి వచ్చాం. చిన్నాయన ఇల్లున్న చోట ఇప్పుడు వరసగా సెల్‌ఫోన్ అంగళ్లు, వసారా లేదు, పెరడు లేదు, నేను పిల్లలను పూడ్చిన మట్టి మీద సిమెంటు. ఆయనా పోయాడు, చుట్టుపక్కల ఆ పేరు చెబితే తెలిసినవాళ్లు లేరు. ఆ వాసన ఒక్కటే మిగిలింది, అది నా ఒంట్లోంచే వస్తోందేమో అనిపిస్తుంది నాకు. పెళ్లయ్యాక నా కాపురం ఆళ్లగడ్డలోనే. అక్కడినుంచి చాగలమర్రికి బస్సులో గంట కూడా పట్టదు. చిన్నమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. నేను ఒక్కసారీ ఆ బస్సెక్కలేదు.