డోర్కాస్ ఆంటీ చెప్పిన ఒక కిలోమీటరు

నాంపల్లి స్టేషన్ ఎనక సందులున్న లేడీస్ హాస్టల్ నా నెత్తిన పడ్డది రెండువేల ఒకటి ఫిబ్రవరిల. జనాభా లెక్కలు రాసే భాగ్యం బడి పంతులమ్మలదే గద! పొద్దంతా పిల్లలతోని గొంతు చించుకునుడు, సాయంత్రం ఫారాలు పట్టుకొని గేట్లు కొట్టుడు. ఒక్కపొయ్యి మీద వండుకొని తినే హాస్టలంటే సర్కారు లెక్కల ఒక్క ఇల్లే. ఆ ఒక్క ఇంట్ల ముప్పై ఆరుమంది ఉద్యోగాలు చేసే ఆడోళ్లు, వాళ్ల మీద వార్డెన్ డోర్కాస్ ఆంటీ.

ఆంటీది మెదక్. పెనిమిటి పోయినంక ఈడికి వంటమనిషిగ వచ్చింది, కొన్నేండ్లకు వార్డెన్ అయింది. తడిబట్టలు మెట్ల మీద ఆరేస్తే గుంజి బకెట్ల పడేస్తది. ఎవరికన్న జరమొస్తే మాత్రం ఆమెనే గంజి కాచి తాపుతది. నోరు పెద్దది. నాకన్న పెద్దది, అదే నా బాధ.

ఫారంల ఒక ప్రశ్న ఉండె: పనికి ఎంత దూరం పోతరు, ఎట్ల పోతరు. ఆంటీ రిజిస్టర్ ముందరేసుకొని టకటక చెప్పుడు షురూ చేసింది.

"నడక. ఒక కిలోమీటరు. రాసుకోన్రి."

"తర్వాతామె?"

"నడక. ఒక కిలోమీటరు."

పది పేర్లయినంక నాకు డౌటొచ్చింది. "ఏంది ఆంటీ, అందరూ ఒక కిలోమీటరేనా? గీ కృపాజ్యోతి నాకెరుకే, పొద్దుగాల ఆరింటికి పటాన్‌చెరు బస్సెక్కుతుంటె నా కండ్లతోని చూసిన."

"అబిడ్స్‌ల బుక్కుల దుకాణంల చేస్తది. గీడ రాసున్నది."

గా దుకాణం మూతవడి రెండేండ్లాయె! నాకు ఒళ్లు మండింది. ఆడోళ్లనే అడుగుదామని ఆదివారం మల్ల పోయిన. చర్చి నుంచి వచ్చి అందరూ హాస్టల్లనే ఉన్నరు. ఒక్కొక్కరు నిలవడి, బళ్లె ఎక్కాలు అప్పజెప్పినట్టు "నడక, ఒక కిలోమీటరు" అన్నరు. కృపాజ్యోతి గూడ గదే మాట. చేతిల మందుల ఫ్యాక్టరీ ఇచ్చిన సంచి, దాని మీద పటాన్‌చెరు అని ఇంతింత అక్షరాలు!

"నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరా?" అని పెన్ను టేబుల్ మీద కొట్టిన.

ఆంటీ నన్ను వంటింట్లకు గుంజుకపోయింది. "హాస్టల్ కమిటీ రూలు, టీచరమ్మా. నడిచిపోయేంత దూరంల పనుంటెనే మంచం ఇస్తరు. గా ఫ్యాక్టరీ కాడ రూం కిరాయి పోరి జీతంల వస్తదా? మీరు నిజం రాస్తే నెల తిరక్కముందే దాని పెట్టె గేటు బయటుంటది."

"అయ్యో, ఈ కాయితం కమిటీకి పోదు ఆంటీ! ఎవ్వరికీ చూపెట్టద్దని చట్టమే ఉన్నది."

"ఈ ఇంట్ల రాసిన ఏ కాయితం వాళ్లు చూడకుండ ఉన్నరు?"

గంటసేపు కొట్లాడిన. చివరికి అన్నం తినే హాలు తలుపేసి, ఆంటీ బయట నిలవడ్డది. నేను ఒక్కొక్కరినే పిలిచి అడిగిన. బాలానగర్, ఉప్పల్, చర్లపల్లి, రెండేసి బస్సులు. నిజంగ నడిచిపోయేటోళ్లు ఐదుగురే. పటాన్‌చెరు అని చెప్పుకుంట కృపాజ్యోతి ఏడ్సింది. పాతవన్నీ కొట్టేసి తిరిగి రాసేసరికి నా చెయ్యి గుంజింది, కాని మనసు నిమ్మలమైంది.

"ఇగ మీ పేరే ఆంటీ. మీరు ఈడనే ఉంటరు, పని గూడ ఈడనే. దూరం సున్న. రాసి పోత."

ఆంటీ నా పెన్ను పట్టుకున్నది. "నాకు బదులు మేరమ్మ అని రాయున్రి."

"ఆమె ఎవరు? రిజిస్టర్ల లేదు గద?"

"పోయినేడు కమిటోళ్లకు పని దూరమని నిజం చెప్పింది. పేరు కొట్టేసిన్రు. యాడికి పోతది? నా రూంల, నా మంచం మీద ఉంటున్నది. రెండో మంచం పట్టదు గాడ. నేను ఖైరతాబాద్‌ల తమ్మునింట్ల పండి పొద్దుగాలొస్త."

"ఎట్లొస్తరు?"

"నడక. మూడు కిలోమీటర్లు."

మా లెక్కల రూలు, మనిషి యాడ పండుకుంటె ఆడనే రాయాలె. "ఔ ఆంటీ, అయితే ఖైరతాబాద్‌ల రాయించుకోన్రి" అన్న.

"గాడ రాసేటోళ్లు వచ్చిపోయిన్రు. వార్డెన్ బయట పంటదని తెలిస్తే నా పని పోతదని, అక్క హాస్టల్లనే ఉంటదని చెప్పిండు మా తమ్ముడు."

అంటే ఇంత పెద్ద హైదరాబాద్‌ల ఈ మనిషి ఎవ్వరి ఫారంల లేదు. రెండు దినాలు నిజం నిజమని వీళ్ల ప్రాణం తీసిన నేను, మేరమ్మను రాసి, దాని కింద డోర్కాస్ అని రాసి, దూరం కాడ సున్న పెట్టిన.