సున్నా ఒకటైన శనివారం

మొన్న మా మనవరాలు తెనాలి వచ్చినప్పుడు ఫోను నా చేతిలో పెట్టి, యానిమే అనే జపాను బొమ్మలు ఇప్పుడు తెలుగులోనే మాట్లాడుతున్నాయి చూడమంది. వేలు అలా తాకించిందో లేదో బొమ్మ మొదలైపోయింది. బాగానే ఉంది గానీ, యానిమే అనే మాట వినగానే నాకు గుర్తొచ్చింది మా అత్తగారు. నా వయసు వాళ్ళు నవ్వితే నవ్వనీండి, మా అత్తాకోడళ్ళ మధ్య మాట కలిపింది అదే.

అప్పట్లో నేను బాపట్లలో విత్తనాలు పరీక్షించే ల్యాబులో పనిచేసేదాన్ని, పొద్దున్నే తెనాలిలో రైలెక్కి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. కోడలు ఉద్యోగానికి వెళ్ళడం రేపల్లెలో ఉండే మా అత్తగారికి మొదటినుంచీ గిట్టేది కాదు, నేనూ తక్కువదాన్నేం కాదు కనుక, పెళ్ళిళ్ళలో కలిసినా పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంతవరకే మా మాటలు. అలాంటావిడ కాలు విరిగి, సిమెంటు కట్టుతో ఆరు వారాలు మా ఇంట్లో ఉండాల్సి వచ్చింది.

పిల్లలు హాస్టలుకు వెళ్తూ వదిలేసిన కంప్యూటరులో ఒక యాప్ ఉండేది. పేరెందుకు గానీ, టోరెంటు మీద నడిచేది. ఎక్కడెక్కడివాళ్ళో తమ దగ్గరున్న ముక్కలు పంపుతుంటే అవన్నీ ఇక్కడ ఒకటై, దిగుతుండగానే బొమ్మ ఆడేది. అది దొంగదారని అప్పుడు తెలియదంటే అబద్ధమే. ఒక ఆదివారం నేనేదో యానిమే పెట్టుకుంటే, పక్క మంచం మీదనుంచి ఆవిడ, ఆ పిల్ల ఎందుకేడుస్తోందని అడిగారు. సముద్రంలో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఓడలెక్కి తిరిగే పిల్ల కథ అది. బొమ్మ కింద పడే ఇంగ్లీషు మాటలు నేను చదివి తెలుగులో చెప్పడం, "అబ్బే, ఆ పిల్ల అలా అనదే, సరిగ్గా చదువు" అని ఇంగ్లీషు ముక్క రాని ఆవిడ నన్ను దిద్దడం, అలా రోజుకొక భాగం సాగింది. రైలు దిగి ఇంటికి పరుగెత్తేదాన్నంటే నమ్మరు.

చివరికి కట్టు విప్పారు, ఆదివారం పొద్దున రైలుకు ఆవిడ రేపల్లె ప్రయాణం. అక్కడ నెట్టు లేదు. శుక్రవారం సాయంత్రం ఆఖరి భాగం పెడితే, ఎంత దిగిందో చూపే గీత కదల్లేదు. సీడర్లు సున్నా అని ఉంది. సీడరంటే మాకు పొలంలో విత్తనాలు వేసే యంత్రం, దానికీ ఈ బొమ్మకీ పొత్తేమిటో తెలియక ల్యాబులో కంప్యూటరు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను. బొమ్మంతా దగ్గరుంచుకుని పంచేవాడు సీడరట, తీసుకుని పంచకుండా పోయేవాడు లీచరట, అంటే జలగ. ఈ మాట చెబితే అత్తగారు, మరి మనం పంచామా అని నిలదీశారు. చూడటం కాగానే నెట్టు అయిపోతుందని నేను టక్కున మూసేసేదాన్ని. వరి నాట్లలో కాళ్ళకు పట్టిన జలగల్ని పీకి పారేసిన మనిషి ఆవిడ. "ఛీ, ఇన్నాళ్ళూ జలగలమా మనం? తెరిచే ఉంచు" అన్నారు.

శనివారం డ్యూటీకి వెళ్ళానే గానీ మనసు ఇంట్లోనే ఉంది. ఆఖరిది చూడకుండా ఆవిడ వెళ్ళిపోతే మళ్ళీ ఆ ఉప్పూ పప్పూ మాటల్లోకే పడతామని నా బెంగ. మధ్యాహ్నం మొలకలు లెక్కపెడుతుంటే ఫోను మోగింది.

"అమ్మాయ్! సున్నా పోయి ఒకటి వచ్చిందే! గీత కదుల్తోంది!"

ల్యాబంతా తిరిగి చూసేలా కేక పెట్టాను. ఆ సాయంత్రం తెనాలి స్టేషన్లో దిగి బేరమాడకుండా ఆటో ఎక్కింది నేనేనా అనిపిస్తుంది. ఆ పిల్లకు అన్న దొరికాడు. ఆవిడ చప్పట్లు కొట్టారు, నేను ఏడ్చాను, తర్వాత ఇద్దరం పకపకా నవ్వుకున్నాం. గెలిచింది మేమే అన్నంత గర్వం!

అలవాటుగా మూసేయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. అదే భాగంకోసం ఇంకా నలుగురు కాచుకున్నట్టు చూపిస్తోంది. మర్నాడు పొద్దున రైలు వెళ్ళిపోయినా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "తొందరేముందే, వాళ్ళకీ ఆ పిల్ల అన్న దొరకాలిగా" అన్నారు. నలుగురికీ అందాక, సాయంత్రం రైలుకు వెళ్ళారు.

ఇప్పుడు మనవరాలి ఫోనులో ఏదీ ఆగదు, ఎవరికోసమూ ఎవరూ కాచుకోనక్కర్లేదు. సుఖమే, కాదనను. ముక్కూ మొహం తెలియని నలుగురికోసం మా అత్తగారు రైలు మానుకున్నారని చెబితే మాత్రం, ఎందుకు అమ్మమ్మా అని అడిగింది.