మెర్సీ అని వినిపించే హోటలు

పోయిన నెల మా మేనత్త ఇక్కడ దోహా పక్కనున్న ముఐథర్‌లో, తను పనిచేసే ఇంట్లోనే, నిద్రలో కన్నుమూసింది. ఆమె గురించి నేను ఇప్పుడే రాయాలి. ఊళ్ళో ఉన్న ఆమె కూతురు నన్నొక ప్రశ్న అడిగింది. అక్కడ జ్ఞాపకార్థ కూడిక జరిగేలోగా దానికి జవాబు చేరాలి.

కబురు చెప్పింది ఆ ఇంటి డ్రైవర్ అన్న. కడప వైపు మనిషి. నేను టైపిస్టుగా చేసే ఆఫీసుకు ఫోన్ చేసి, “పాపా, అక్క ఇంగ లేదు. పొద్దన్నే లేపబోతే లేయలేదంట. మామా ఒకటే ఏడుస్తాండాది” అన్నాడు. ఇంటి యజమానురాలిని అక్కడ అందరూ మామా అనే పిలుస్తారు.

నర్సాపురం దగ్గరున్న మా ఊరికి ఆ కబురు నేను చెప్పాను. ఫోను పాస్టరమ్మ గారింట్లో ఉంది. మెర్సీని పిలిపించారు. మెర్సీ అత్తకు ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. విషయం విని ఏడవలేదు. “వదినా, ఆవిడ ఎప్పుడన్నా నన్ను తలుచుకునేదా?” అంది.

తల్లిని ఆవిడ అంటూనే మెర్సీ ఇంకా చెప్పింది.

“నాకు తెలిసిందల్లా ఆవిడ ఎవరి పిల్లలకో అన్నం పెట్టేదని. కూడికలో నన్ను లేచి మాట్లాడమంటున్నారు. ఏం చెప్పమంటావ్? నేను రానని చెప్పేశా.”

నేను జవాబు చెప్పేలోగా లైను తెగిపోయింది.

మెర్సీకి మాటలు వస్తున్న వయసులో అత్త ఖతర్ విమానం ఎక్కింది. మామయ్య అప్పటికే లేడు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి పిల్లను నేను, రెండోది మెర్సీ. ఇద్దరి చదువూ అత్త చలవే. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేది. వచ్చిన రోజు నుంచీ ఇల్లు అలకడం, బట్టలు ఉతకడం, మినుములు బాగుచేయడం. మెర్సీ నాయనమ్మ కొంగు వదిలేది కాదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కోవడానికి అత్తకు ఒకటే దారి తెలుసు, గోళ్ళు తీయడం. ఇక్కడ దోహాలో మన తెలుగువాళ్ళ శుక్రవారం కూడికల్లో కూడా అంతే కదా. మీ పిల్లల్లో చాలామందికి ఆమె గోళ్ళు తీసింది.

ఒక్కసారి తప్ప ఆమె కూర్చుని తినడం నేను చూడలేదు. పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దలు తినేసేది. అడిగితే, “కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారే. అన్నం ముందు నుంచి లేవడం కన్నా నిలబడి తినడం నయం” అనేది.

రెండేళ్ళ క్రితం నాకు దోహాలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందగానే అత్తను మంచి చోటికి భోజనానికి తీసుకెళ్ళాలనుకున్నాను. ఎక్కడికి వెళ్దామంటే ఏ బిర్యానీ హోటలో చెబుతుందనుకున్నాను.

“ఫ్రెంచోళ్ళ హోటలుకి” అంది.

అది ఒక సందులో, దర్జీ కొట్టుకూ లాండ్రీకీ మధ్య ఉంది. కొద్ది బల్లలే. నడిపేది తల నెరిసిన ఒక ఫ్రెంచి ఆవిడ. వంటింట్లో ఆమె భర్త. మామా కుటుంబం గురువారం సాయంత్రాలు అక్కడికి వెళ్ళేదట. చిన్నపిల్లకు తినిపించడానికి అత్త కూడా వెళ్ళేది. తను మాత్రం ఇంటికొచ్చాకే తినేది.

ఆ రోజు అత్త కుర్చీ అంచున కూర్చుంది. మెనూ నా చేతికిచ్చి, “చదువుకున్నదానివి, చదువు” అంది. నాకు వచ్చిన ఇంగ్లీషుతో చదవబోయాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను.

“అత్తా, ఇక్కడ నొప్పి అని రాసుంది.”

“నొప్పికి కూడా ఫులూస్ కట్టించుకుంటున్నారా? నా మోకాళ్ళలో కావలసినంత ఉంది, వీళ్ళకే అమ్ముదాం.”

ఇంగ్లీషులో పెయిన్ అని నేను చదివిన ఆ మాటకు వాళ్ళ భాషలో రొట్టె అని అర్థమట. రొట్టెల బుట్ట వచ్చాక తెలిసింది. నేను మెనూ తిరిగి ఇస్తుంటే ఆ పెద్దావిడ “మెర్సీ” అంది. ఉలిక్కిపడి అత్త వైపు చూశాను.

“విన్నావా?” అంది అత్త. కళ్ళు మెరుస్తున్నాయి. “థ్యాంక్స్‌కి వీళ్ళు అలా అంటారు. నేను మొదటిసారి వచ్చినప్పుడు, పాపకి సూపు పడుతున్నానా, వెనకాల ఎవరో మెర్సీ అన్నారు. చెంచా వదిలేసి లేచి నిలబడిపోయా. ఈ దేశం వచ్చి ఎన్నో రోజులు కాలేదే అప్పటికి. ఎవరో దాన్ని తీసుకొచ్చేశారనుకున్నా.”

“తర్వాత?”

“తర్వాతేముంది, మన డ్రైవరున్నాడుగా, ఆ తమ్ముడు చెప్తే తెలిసింది. తెలిస్తే మాత్రం? ప్రతి బల్ల దగ్గరా దాని పేరే. నీళ్ళు పోస్తే మెర్సీ, గిన్నె తీస్తే మెర్సీ. గురువారం వస్తే ఊరెళ్ళొచ్చినట్టుండేది నాకు.”

ఒకసారి ధైర్యం చేసి ఆ పెద్దావిడతో, “మెర్సీ, బింతీ” అందట. నా కూతురు అని, తనకొచ్చిన అరబీలో. ఆవిడకు అర్థమైంది. అప్పటి నుంచి అత్త కనబడితే చాలు, మెర్సీ ఎంత ఎత్తు పెరిగిందని చేత్తో అడిగేది. అత్త కూడా చేత్తోనే చూపించేది.

“ఒక్కోసారి ఎక్కువ చూపించేసేదాన్నే. మళ్ళీ వారం తగ్గించాలంటే మొహమాటం. సెలవుకెళ్ళి చూస్తే, నేను చూపించినంత లేదది.” ఆ మాట చెప్పి అత్త నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

ఉల్లిపాయ సూపు వచ్చింది, పైన రొట్టె ముక్క నానుతూ. “ఇదేంటే, జొరమొచ్చినోళ్ళకి పెట్టినట్టు” అంటూనే గిన్నె ఖాళీ చేసింది. ఆఖరున పాలూ గుడ్లూ కలిపి చేసిన తీపి తెచ్చారు. చెంచాతో పొడిచి చూసి, “జున్నే ఇది. వీళ్ళింట్లో గేదె ఈనిందేమో అడుగు” అంది. అదీ తినేసింది. అంతసేపూ కుర్చీలోంచి లేవలేదు. ఎప్పుడు వెనక్కి జరిగి కూర్చుందో నేను గమనించలేదు.

బయటకు వచ్చాక అడిగాను. “ఇదంతా మెర్సీకి చెప్పావా అత్తా?”

“ఏమని చెప్పనే? నీ పేరు వినడానికి హోటలుకెళ్ళేదాన్నంటే నవ్వుద్ది. అయినా ముందు అది నా దగ్గర కూర్చోవాలిగా.”

చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఉత్తరంలో రాద్దామని కూర్చున్నాను. కానీ కాగితం మీద అది నేను ఓదార్పు కోసం కల్పించినట్టే ఉంది. అందుకని పోయిన గురువారం నా టేప్ రికార్డర్ తీసుకుని ఆ హోటలుకు వెళ్ళాను. పెద్దావిడకు విషయం చెప్పాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. తర్వాత రికార్డర్‌ను గోడవారగా ఒక బల్ల మీద తనే పెట్టించింది. క్యాసెట్టు ఒక వైపంతా గిన్నెల చప్పుడు, కుర్చీల చప్పుడు. ఒక బల్ల నుంచి, ఇంకో బల్ల నుంచి, ఆడగొంతుతో, మగగొంతుతో, ఒకసారి ఎవరో చంటిపిల్ల ముద్దుగొంతుతో, మెర్సీ, మెర్సీ.

రెండో వైపు ఖాళీగా ఉంది. మా అత్త తన కూతురు మెర్సీ గురించి మీ దగ్గర ఏ మాట అన్నా, ఎంత చిన్నదైనా, మీ గొంతుతోనే చెప్పండి. మీ పిల్లల గోళ్ళు తీస్తూ అన్న మాటైనా సరే. రాలేని వారు రాసి పంపితే నేను చదువుతాను. డ్రైవర్ అన్న సెలవు మీద వెళ్తూ మా ఊరి దాకా వెళ్ళి క్యాసెట్టు ఇచ్చి వస్తానన్నాడు. అతని ప్రయాణం ఈ నెల ఆఖరి శనివారం. కాబట్టి దయచేసి ఆ ముందు రోజు, శుక్రవారం కూడిక ముగిసేలోగా నన్ను కలవండి. రికార్డర్‌తో గుమ్మం దగ్గరే కూర్చుంటాను.