మొండికేసిన ప్యాకేజ్ మేనేజర్

సిరిసిల్లలో మా మేనమామ సాంచెల మీద చీరలు నేయిస్తాడు. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచె అనే అంటారు, వాటిని నడిపించేవాళ్లను ఆసాములంటారు. మామా, ఆ వాడలోని మరికొందరు ఆసాములూ కలిసి తమ చీరలు తామే అమ్ముకోవడానికి ఒక వెబ్‌సైట్ కావాలనుకున్నారు. ఆ పని నాకూ, నా స్నేహితురాలికీ వచ్చింది. ఇంజనీరింగ్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు జగిత్యాలలో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని ఇలాంటి పనులే చేస్తున్నాం. నేను రోజూ కోరుట్ల నుంచి బస్సులో వెళ్లొస్తాను.

సైట్‌లో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కొనేవాళ్లు ఏ పెళ్లిలోనో చూసిన చీర అంచును ఫోటో తీసి పంపితే, అలాంటిది నేయగలమో లేదో ఆసాములు చూసి చెప్తారు. ఆ ఫోటోలను కత్తిరించి సర్దే కోడ్ మేం రాసింది కాదు. ఎవరో రాసి అందరి కోసం ఉచితంగా పెట్టిన ప్యాకేజీని తెచ్చుకున్నాం. తెచ్చిపెట్టేది ప్యాకేజ్ మేనేజర్. మనం ఒక ప్యాకేజీ అడిగితే, అది నడవడానికి ఇంకేమేం కావాలో వాటన్నిటినీ అదే వెతికి తెస్తుంది.

మర్నాడు ఆసాములకు సైట్ చూపించాలి. ఉదయం పూట సర్వర్ మీద అన్నీ ఎక్కిస్తున్నాను. ప్యాకేజ్ మేనేజర్ సగంలో ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఫలానా ప్యాకేజీలో భద్రతా లోపం ఉన్నట్టు తెలిసింది కాబట్టి ఇన్‌స్టాల్ చేయనంటుంది. కిందనే ఇంకో మాట: అయినా సరే కావాలంటే దాని పేరు మినహాయింపుల్లో రాయండి, చేస్తాను.

“రాసెయ్ రాదే,” అంది నా స్నేహితురాలు. “రేపు సిరిసిల్ల పోవాలె. అచ్చినంక సూద్దాం.”

“ఆగు. ఏం లోపమో సదువనియ్యి.”

చదివాను. ఎవరైనా ఒక ఫోటోలో ఒక ఆదేశం దాచి పంపితే, ఆ ప్యాకేజీ ఫోటోను తెరిచేటప్పుడు ఆ ఆదేశాన్ని కూడా పాటిస్తుందట. అంటే మా సైట్‌కు ఫోటో పంపగలిగిన ఎవరైనా మా సర్వర్‌తో తమకు తోచిన పని చేయించుకోవచ్చు. కొనేవాళ్ల ఫోన్ నంబర్లూ, ఇళ్ల అడ్రసులూ ఉండేది దాంట్లోనే.

“ఉత్త ముచ్చట,” అంది ఆమె. “ఫోటో ఫోటోనే గద. గదేం జేస్తది?”

నాకు పట్టుదల వచ్చింది. గదిలో ఒక పాత లాప్‌టాప్ ఉంటే, నెట్ తీసేసి దాని మీద ఆ లోపమున్న ప్యాకేజీనే ఎక్కించాను. హెచ్చరికలో ఉన్న వివరాలు పట్టుకుని ఒక నెమలి బొమ్మలో చిన్న ఆదేశం దాచాను. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ ఫోల్డర్ తయారుచెయ్యి, అంతే. మా ప్రోగ్రాంతో ఆ బొమ్మను తెరిచాం. నెమలి మామూలుగానే కనబడింది. కానీ డెస్క్‌టాప్ మీద, మేం ముట్టుకోకుండానే, కొత్త ఫోల్డర్ పుట్టుకొచ్చింది!

ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. “ఓయమ్మో! మల్లోపారి చెయ్యే!”

మళ్లీ చేశాను. మళ్లీ వచ్చింది. భయపడాల్సిన విషయమే, కానీ ఇద్దరం జాతరలో గారడీ చూసిన పిల్లల్లా గంతులేశాం. మినహాయింపు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

లోపం సరిచేసిన కొత్త వెర్షన్ అప్పటికే వచ్చి ఉంది. చిక్కల్లా ఏమిటంటే, లోపమున్న ఆ ప్యాకేజీని మేం నేరుగా తెచ్చుకోవడం లేదు. మేం అడిగింది ఫోటోలు కత్తిరించే ప్యాకేజీని. అదేమో ఫోటోలు తెరవడానికి తను వాడుకునే ఈ రెండో ప్యాకేజీ పాత వెర్షనే కావాలని పట్టుబడుతోంది. దాని మాట పక్కన పెట్టి కొత్తదే తెమ్మని ప్యాకేజ్ మేనేజర్‌కు గట్టిగా చెప్పాం. ఎర్ర అక్షరాలు మాయం! సంబరంగా ఒక ఎర్రచీర ఫోటో ఎక్కించి చూశాం. చీర నీలంగా వచ్చింది.

ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. తర్వాత నవ్వాగలేదు. కొత్త వెర్షన్‌లో రంగులు అందించే వరస మారి ఎరుపు చోట నీలం వస్తోందని పట్టుకోవడానికి మధ్యాహ్నమైంది. సరిచేయడానికి మాత్రం రెండు మూడు లైన్ల కోడే పట్టింది. మా ఒక్క సైట్‌కే ఎందుకు, అందరికీ పనికొస్తుంది కదా అని, ఆ దిద్దుబాటును కత్తిరింపు ప్యాకేజీ రాసినాయనకు పంపాను. ఆయనది ఏ దేశమో కూడా నాకు తెలియదు. మా సర్వర్ మీద అదే దిద్దుబాటుతో సైట్ నిలబెట్టాం.

రాత్రి ఆమె కూడా మా ఇంటికే వచ్చింది, మర్నాడు ఇద్దరం కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కాం. దారి పొడుగునా ఫోన్ చూస్తూనే ఉన్నాను. రుద్రంగి దగ్గర సిగ్నల్ పోయింది. ఊరు దాటాక ఒక్కసారిగా ఫోన్ మోగింది. ఆయన జవాబు! మా దిద్దుబాటు తీసుకున్నాడు. ఇదే చిక్కులో ఇంకా చాలామంది ఉన్నారని, కొత్త వెర్షన్ విడుదల చేశానని రాశాడు.

నేను వేసిన కేకకు కండక్టర్ గాభరాగా వచ్చాడు. “ఏమైందమ్మా?”

“మా కోడ్ తీసుకున్నరన్నా!” అంది నా స్నేహితురాలు.

“ఎవలు తీసుకున్నరు? బస్సాపాల్నా?”

దొంగతనం జరిగిందనుకున్నాడు పాపం. కాదు, మంచిదేనని చెప్పేసరికి బస్సంతా నవ్వింది.

మామ సాంచెల షెడ్డులో ఆ మోతకు మనిషి మాట మనిషికి వినబడదు. నేను అరిచి చెప్తున్నా ఆయనకు అర్థం కాలేదు. పక్కనే, ఆసాములంతా కూర్చుని ఉన్న ఆఫీసు గదిలోకి మమ్మల్ని తీసుకుపోయి తలుపేసి, “ఇప్పుడు జెప్పు, ఎందుకంత ఖుషీగున్నవ్?” అన్నాడు. చెప్పాను.

“ఫోటోలకెళ్లి దొంగ ఎట్లత్తడు బిడ్డా?”

వెంట తెచ్చిన పాత లాప్‌టాప్ తెరిచి నెమలిని చూపించాను. ఫోల్డర్ పుట్టగానే ఆసాములు ముందుకు వంగి చూశారు. ఒకాయన “మన్ను గొట్టుకపోను!” అంటూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“మరిప్పుడు మనదాంట్ల రాడు గద?” అన్నాడు మామ.

“గీ తొవ్వల రాడు మామా. వేరే తొవ్వ ఎన్నడన్నా తెరుసుకుంటదేమోనని రోజూ సూస్కుంటుండాలె. గా పని మాది.”

ప్యాకేజ్ మేనేజర్‌కు ముందురోజు మేం గట్టిగా చెప్పిన మాటను వాళ్ల ఎదుటే తీసేసి, కొత్తగా విడుదలైన ప్యాకేజీతో మొదటి నుంచీ ఎక్కించాను. ఒక్క ఎర్ర అక్షరం లేకుండా చివరిదాకా నడిచింది. ఆసాములకు ఆ అక్షరాలు ఏవీ అర్థం కాలేదు. మా ఇద్దరి అరుపులకు మాత్రం వాళ్లూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నమే సైట్ అందరికీ తెరిచాం. అత్తమ్మ అన్నం పెడుతుంటే రాయికల్ నుంచి ఎవరో ఒకావిడ మొదటి ఫోటో పంపింది, మామిడిపిందెల అంచు. మామ ఎంగిలి చేత్తోనే ఫోన్ వైపు వంగి, “నేద్దాం, నేద్దాం. సాంచెలు మనయే గద!” అన్నాడు.